బక్నర్ ఒక్కడిదేనా తప్పు?

బోస్టన్ వచ్చి ఏడాదవుతోంది. క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగనివాణ్ని. ఇక్కడ ఆఫీసులో ఎప్పుడూ బేస్‌బాల్ కబుర్లే కాబట్టి పాత మ్యాచ్‌లు చూస్తున్నాను. బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ ఫస్ట్ బేస్‌మన్ బిల్ బక్నర్ బంతి వదిలేసిన చోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

1986 వరల్డ్ సిరీస్ (ఏడు గేముల ఫైనల్) ఆరో గేమ్, న్యూయార్క్‌లోని షే స్టేడియం. పదో ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ 5-3తో ముందుంది, న్యూయార్క్ జట్టు మెట్స్‌లో అప్పటికే ఇద్దరు అవుట్. ఇంకొక్క అవుట్ తీస్తే 1918 తర్వాత మొదటి టైటిల్! అక్కడి నుంచి మెట్స్ వరసగా మూడు సింగిల్స్ (ఒక్క బేస్ చేరే హిట్లు) కొట్టి స్కోరు 5-4 చేశారు. ఆపైన రెడ్ సాక్స్ పిచర్ బాబ్ స్టాన్లీ వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందని బంతి) వేశాడు, స్కోరు 5-5. అప్పుడు మెట్స్ బ్యాటర్ మూకీ విల్సన్ కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ వచ్చి, వంగిన బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది, దాంతో మెట్స్ గెలిచారు.

అంటే బంతి జారేసరికే మ్యాచ్ సమం కదా! పైగా ఏడో గేమ్ మిగిలే ఉంది. (అందులోనూ 3-0తో ముందుండి 8-5తో ఓడారు.) మా ఆఫీసులో ఒక పెద్దాయన మాత్రం ఇప్పటికీ బక్నర్ పేరెత్తితే మొహం తిప్పుకుంటారు.

నా అనుమానాలు రెండు. బక్నర్ బంతి పట్టినా విల్సన్ ముందే ఫస్ట్ బేస్ చేరేవాడా? వీడియో పదిసార్లు ఆపి చూశాను, తేల్చుకోలేకపోయాను. రెండోది, చీలమండల నొప్పితో కుంటుతున్న మనిషి స్థానంలో అంతకుముందు గేముల్లో చివర్లో సబ్‌స్టిట్యూట్ స్టేపుల్టన్‌ని దింపిన రెడ్ సాక్స్ మేనేజర్, ఆ రాత్రి ఎందుకు దింపలేదు?