రష్యన్ టాయ్ కుక్కపిల్ల: పాల కోరలు ఊడకుండానే కొత్తవి వచ్చేశాయి, ఆగాలా తీయించాలా?

కొత్తకాపరి:
రష్యన్ టాయ్, పొడవు బొచ్చు రకం, మగపిల్ల. ఐదున్నర నెలలు, 1.6 కిలోలు. కొత్త కోరలు నాలుగూ బయటికొచ్చాయి, పాల కోరలు మాత్రం గట్టిగా అలాగే ఉన్నాయి. సంతానం కలగకుండా చేసే ఆపరేషన్ అప్పుడు ఒకేసారి తీయించొచ్చని సలహా వచ్చింది. అంతదాకా ఆగొచ్చా? నిలబడ్డ ఎడమ చెవి మళ్లీ వాలుతోంది. చెవుల మీద కుచ్చు (వేలాడే పొడవు బొచ్చు) కూడా పల్చగా ఉంది, అసలు జాతి మీదే అనుమానంగా ఉంది. తిండి ఎంత పెట్టాలో కూడా చెప్పండి.

దంతకథ:
ఆగకండి. ఒకే చోట రెండు పళ్లు ఉండకూడదు, అంతే. కొత్త పన్ను చిగురు దాటేసరికి పాలపన్ను ఊడి ఉండాలి, కనీసం కదులుతుండాలి.

పై దవడలో కొత్త కోర పాల కోరకి ముందువైపు వస్తుంది, కింది దవడలో లోపలివైపు, నాలుక పక్కన. అందుకే కింది కోరల గురించే ఎక్కువ భయం. పాతది అడ్డు నిలిస్తే కొత్తది లోపలికే పెరిగి, నోరు మూసినప్పుడల్లా అంగిట్లో గుచ్చుకుంటుంది. పై కోర ముందుకి జరిగితే, కింది కోర ఇమడాల్సిన సందు మూసుకుపోతుంది. ఇప్పుడు తీసేస్తే కొత్తది ఇంకా పెరుగుతోంది కాబట్టి చాలాసార్లు దానంతటదే దారిలో పడుతుంది. పూర్తిగా పెరిగాక ఆ అవకాశం తక్కువ.

ఇంట్లో వేళ్లతో లాగే పని పెట్టుకోవద్దు. పాల కోర వేరు బయటి పన్ను కంటే బాగా పొడవు, పైగా సన్నం. పుటుక్కున విరిగి, మిగిలిన ముక్క చుట్టూ చీము పట్టొచ్చు. మత్తిచ్చి, ఎక్స్‌రే తీసి, నిదానంగా వదులు చేసి తీయాలి. ఆ తర్వాత రోజూ బ్రష్ చేయండి. మనుషుల పేస్టు వద్దు, అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కకి విషమే.

కుచ్చుటోపీ:
పళ్లు మారే వయసులో చెవి వాలడం, లేవడం మామూలే. దాని కోసం కాల్షియం పొడి మాత్రం మొదలెట్టకండి. పిల్లల మేతలో సరిపడా ఉంటుంది, ఎక్కువైతే ఎముకలకే చేటు.

కుచ్చు చూసి జాతిని అనుమానించే వయసు కాదిది. చెవి అంచుల్ని, కొనల్ని పూర్తిగా కప్పేసే కుచ్చు మూడేళ్లు దాటిన కుక్కలోనే ఉండాలంటుంది జాతి ప్రమాణం. ఎత్తు 20 నుంచి 28 సెంటీమీటర్లు, బరువు 3 కిలోల లోపు. మీ పిల్ల లెక్క సరిగ్గానే ఉంది.

అసలు ఈ రకం పుట్టిందే కుచ్చుతో. విప్లవానికి ముందు రష్యా కులీనుల ఇళ్లలో, ఈ జాతికి మూలమైన ఇంగ్లిష్ టాయ్ టెర్రియర్ల మోజు ఉండేది. 1917 తర్వాత అవి దొరల కుక్కలన్న ముద్ర పడి దాదాపు కనుమరుగయ్యాయి. 1950ల్లో మళ్లీ పెంపకం మొదలైనప్పుడు దొరికినవాటిలో చాలావాటికి వంశపత్రాలే లేవు. 1958 అక్టోబరు 12న మాస్కోలో ఒక పొట్టి బొచ్చు జంటకి చెవుల మీదా కాళ్ల మీదా కుచ్చులతో చిక్కీ అనే మగపిల్ల పుట్టాడు. వాణ్ని ఇర్మా అనే ఆడకుక్కతో జత కట్టించి, ఎవ్‌గేనియా జరోవా పొడవు బొచ్చు రకాన్ని నిలబెట్టారు. కుక్క జాతుల్ని గుర్తించే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ 2006లో తాత్కాలికంగా, 2017లో పూర్తిగా గుర్తించింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2022లో టాయ్ గ్రూపులో చేర్చుకుంది.

కుచ్చు పల్చబడటానికి మామూలు కారణం పొడిగా దువ్వడం. ముందు నీళ్లలో కొద్దిగా కండిషనర్ కలిపి చిలకరించి, కొనల నుంచి మొదలుకి చిక్కు తీస్తూ రండి. కత్తెర పెట్టొద్దు.

ముంగాలు:
పళ్ల విషయంలో పైన చెప్పిందే నా మాట కూడా. కానీ మత్తు మాటెత్తి, దానికి ముందు ఉంచే పస్తు మాట వదిలేశారు. ఇంత చిన్న పిల్లని రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది. కాలేయంలో నిల్వ తక్కువ, కండ తక్కువ. సాధారణంగా గంటా రెండు గంటల పస్తు చాలు, కచ్చితంగా ఎంతో డాక్టర్‌నే అడగండి. ఒళ్లు చల్లబడకుండా వెచ్చగా ఉంచే ఏర్పాటు ఉందో లేదో కూడా కనుక్కోండి.

ఇంట్లో ఎప్పుడైనా తూలుతూ, వణుకుతూ, నీరసంగా పడుకుంటే తేనె గానీ గ్లూకోజు ద్రావణం గానీ ఒక మిల్లీలీటరు చిగుళ్లకి రుద్దండి. స్పృహ లేకపోతే గొంతులో పోయకండి. తేరుకున్నా సరే, డాక్టర్‌కి చూపించాల్సిందే.

తిండి: 1.6 కిలోల ఒంటికి విశ్రాంతిలో దాదాపు 100 కిలోక్యాలరీలు కావాలి. ఈ వయసులో దానికి రెండింతలు, అంటే 200. మేత 100 గ్రాములకి 380 కిలోక్యాలరీలైతే రోజుకి 53 గ్రాములు, నాలుగు పూటలుగా. గరిటె లెక్క కాదు, గ్రాముల తూకం.

ఈ జాతిని ఆస్పత్రికి చేర్చేది ఎక్కువగా ముంగాళ్లే. మణికట్టుకి పైన ఎముక సన్నం, అక్కడికి రక్తసరఫరా కూడా తక్కువ. సోఫా మీంచి ఒక్క దూకుకి విరగొచ్చు. కట్టు ఒక్కటే కట్టి వదిలేస్తే చాలాసార్లు అతకదు, ప్లేటు వేయాల్సి వస్తుంది. నున్నటి నేల మీద జారని చాప పరవండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి పిరుదుల కింద. మెడపట్టీకి తాడు తగిలించొద్దు, రొమ్ముకి తొడిగే పట్టీ, అదే హార్నెస్ వాడండి.

కొత్తకాపరి:
ఇప్పుడు చూస్తే కింది కుడి కోర అంగిటికి తగులుతున్న గుర్తు ఉందండి. ఆపరేషన్ దాకా ఆగను, పళ్లకి వేరే తేదీ తీసుకుంటాను.

దంతకథ:
గుర్తు పడిందంటే వీలైనంత దగ్గరి తేదీ తీసుకోండి. తీశాక ఇంకో ఎక్స్‌రే తీసి, వేరు ముక్కలేవీ మిగల్లేదని చూడమనండి. మత్తులో ఉండగానే రెండు మోకాలి చిప్పలూ పక్కకి జారుతున్నాయేమో నొక్కి చూడమనండి, అప్పుడు కండలు బిగుసుకోవు కాబట్టి తేలిగ్గా తెలుస్తుంది. వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో కూడా అప్పుడే చూస్తే, తర్వాతి ఆపరేషన్ ఎలా చేయాలో ముందే తేలిపోతుంది.