ముగ్గుల పోటీలో ఎవరి మార్కులకు విలువ ఎక్కువ?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఏటా భోగికి ముగ్గుల పోటీ పెడతాం. జడ్జీలం ముగ్గురం: డ్రాయింగ్ మాస్టారు, 40 ఏళ్లుగా ముగ్గులేస్తున్న మామ్మగారు, నేను. తలా 50 మార్కులు.

ఈసారి ఒకావిడ 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు పెట్టి, చుక్కల చుట్టూ గీత తిరిగే మెలికల ముగ్గు వేశారు. రంగుల్లేవు. మామ్మగారు 46 ఇచ్చారు, మాస్టారు 22. పక్కనున్న రంగుల నెమలికి మాస్టారు 45 ఇస్తే మామ్మగారు 20. నాకూ మొదట నెమలే నచ్చింది. కానీ గీత ఎక్కడా తెగకుండా, లావు మారకుండా తిరిగిన తీరు మామ్మగారు వేలు పెట్టి చూపించాక, మెలిక మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆ అందం నాకు ముందు ఎందుకు కనబడలేదా అని ఇప్పటికీ బాధగా ఉంది.

మొత్తం కూడితే, మేం ముగ్గురం 35 మార్కుల చొప్పున ఇచ్చిన, ఎవరికీ అంతగా నచ్చని ముగ్గు గెలిచింది! అంతకుముందు ఏడాది శుభ్రతకు 20, కొత్తదనానికి 15, రంగులకు 15 అని విడగొట్టాం. రంగుల్లేని ముగ్గులన్నీ వెనకబడ్డాయి. ఊళ్లో ఓటు చీటీలు వేయిస్తే చుట్టాలు ఎక్కువున్నవాళ్లు గెలిచారు.

మెలికలకీ రంగులకీ వేరే పోటీలు పెట్టేంత మంది మాకు రారు. మరి ముగ్గు చెయ్యి తిరిగిన మామ్మగారి మార్కులకు ఎక్కువ విలువ ఇవ్వాలా, ముగ్గురివీ సమానంగానే లెక్కపెట్టాలా?