ఇఫుగావ్ వాళ్ల కల్లు జాడీలో ఊరగాయ పెట్టొచ్చా?

ప్రశ్న (కడప):
మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. సెలవుల్లో స్నేహితురాలితో బనావే దగ్గర వాళ్ల ఊరికి వెళ్లింది. కొండల మీద మెట్లు మెట్లుగా వరి పండించే ఇఫుగావ్ వాళ్లు. ఆ ఇంట్లో పెద్ద పాత జాడీలున్నాయంట. ముదురు గోధుమ రంగు పూత, మెడ కింద చిన్న చిన్న చెవులు. వాటిలో బియ్యం కల్లు పెడతారంట, ఎంతిచ్చినా అమ్మరంట. అంత పట్టింపు ఎందుకో! తను షాపులో అలాంటిదే చిన్నది కొనుక్కొచ్చింది. దాంట్లో నిమ్మకాయ ఊరగాయ పెట్టొచ్చా?

అనంతపురం:
అక్కా, మనీలాలో పనిచేసేటప్పుడు ఇఫుగావ్ వాళ్ల కియాంగన్ ఊళ్లో ఒక ఇంట్లో ఆ కల్లు పెట్టడం చూశాను. జిగురు బియ్యాన్ని ముందు పెనం మీద దోరగా వేయించి, తర్వాత వండుతారు. చల్లారాక బుబుద్ పొడి చల్లుతారు. బియ్యప్పిండిలో అడవి మొక్కల వేర్లు కలిపి, బిళ్లలు చేసి ఎండబెట్టిన తోడు అది. అరటాకుల్లో మూటగట్టి ఉంచితే రసం ఊరుతుంది. అప్పుడు జాడీకెత్తి మూతి బిగించి కడతారు. తాడు జారకుండా ఉండటానికే ఆ చెవులు.

పాత జాడీలు చాలావరకు చైనావి. ఓడల్లో లుజోన్ తీరానికి, అంటే ఆ కొండలున్న దీవికి, వచ్చి, చేతులు మారుతూ కొండలెక్కాయి. ఎనుములనిచ్చి కొనుక్కున్న జాడీలూ ఉన్నాయి. తరతరాలుగా ఆస్తిలో భాగం అవి. క్రతువులో ముంబాకి, అంటే వాళ్ల పూజారి, పూర్వీకులను పేరుపేరునా పిలుస్తూ ఈ కల్లు తాగుతాడు. ధాన్యాన్ని కాపాడే బులుల్ అనే కొయ్యబొమ్మలకు పంది నెత్తురుతో పాటు కల్లూ పూస్తారు. తాతలను పిలిచే పూట తాతలు కొన్న జాడీ ముందుండాలని కోరుకోరా? వాళ్లు అమ్మకపోవడమే న్యాయం అంటాను. సంతలో అమ్మే కల్లు ఇప్పుడు గాజు సీసాల్లో కూడా వస్తోంది, అది వేరే సంగతి.

కర్నూలు:
ఊరగాయ మాత్రం వద్దు. పూతలో ఏం కలిపారో తెలియనప్పుడు పులుపు పెట్టకూడదు, సీసం దిగొచ్చు. సన్న పగుళ్లుంటే ఉప్పు లోపలికి దిగి, ఆరినప్పుడు పూతను రేకులుగా లేపేస్తుంది. మా అమ్మమ్మ జాడీ అడుగు అట్లే పోయింది. నిజంగా పాతదైతే మాత్రం దేశం దాటించడానికి వాళ్ల నేషనల్ మ్యూజియం అనుమతి కావాలి.

ప్రశ్న అడిగినవారు:
కొత్తదే, బిల్లుంది. చెనిక్కాయలు పొట్టుతో పోసి పెట్టుకుంటాను. అన్నా, పాప మళ్లీ ఆ ఇంటికి వెళ్తే ఏం తీసుకెళ్లాలి?

అనంతపురం:
వక్క, తమలపాకు. మనలాగే సున్నంతో నములుతారు. అక్కడి సంతలోనే దొరుకుతాయి, ఇక్కడి నుంచి మోయక్కర్లేదు.