అభ్యర్థి వల్లే ఓడారా, గాలి లేక ఓడారా? బూత్ లెక్కల్లో తెలుస్తుందా?

బీచ్‌రోడ్_ఓటరు:
2019 లెక్కలు ముందేసుకుంటే ఒక ముడి విడటం లేదు. రాష్ట్రంలో వైసీపీకి 175కి 151 వచ్చాయి. విశాఖ తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ మాత్రం నాలుగూ టీడీపీ ఖాతాలో పడ్డాయి. పోనీ నగరమే టీడీపీ వైపు ఉందనుకుందామంటే, అదే రోజు అదే క్యూలో నిలబడ్డ జనం ఎంపీ సీటు వైసీపీకిచ్చారు, 4,414 ఓట్ల తేడాతో. ఏ సీటు పోయినా టీవీ చర్చల్లో "అభ్యర్థి ఎంపిక తప్పు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గెలవాల్సిన సీటు అభ్యర్థి వల్లే పోయిందని చెప్పడానికి కాగితం మీద ఏమైనా ఆధారం దొరుకుతుందా?

ఫారం20:
దొరుకుతుందండి. మన రాష్ట్రంలో అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకేసారి పోలింగ్ కాబట్టి ఈ లెక్క మనకి మరీ సులువు. ఒకే ఓటరు ఒకే గదిలో రెండు మీటలు నొక్కుతాడు. రెండిటికీ ఫారం 20 విడివిడిగా వస్తుంది, అందులో ప్రతి బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో, నోటాతో సహా ఉంటుంది. సీఈఓ (రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి) ఆంధ్రప్రదేశ్ సైట్‌లో పీడీఎఫ్‌లు ఉంటాయి, చాలావరకు స్కాన్ కాపీలే, అంకెలు చేత్తో ఎక్సెల్‌లోకి ఎక్కించుకోవాలి.

బూత్ నంబరు ఒక నిలువులో, పార్టీ ఎంపీ ఓట్లు పక్కన, ఎమ్మెల్యే ఓట్లు ఆ పక్కన, చివర తేడా. ఇప్పుడు ఆ తేడా ఎలా పరుచుకుందో చూడండి. నియోజకవర్గం మొత్తం బూత్‌కి పదీ పదిహేను చొప్పున సమానంగా తగ్గితే లోపం అభ్యర్థి పేరులోనే ఉంది. రెండు మూడు వార్డుల్లోనే యాభై, అరవై తగ్గి మిగతాచోట్ల సరిపోతే అక్కడి నాయకుడెవరో పని చేయలేదు, లేదా ఎదుటివాడికి చేశాడు. రెండూ ఓటమే గానీ రోగాలు వేరు.

ఇక్కడ జనం తరచూ పొరబడే చోట్లు రెండున్నాయి. మొదటిది, ఏ ఎంపీ లెక్కతో పోల్చాలన్నది. పెందుర్తి అనకాపల్లి లోక్‌సభ కిందకి వస్తుంది, శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉన్నా విశాఖ లోక్‌సభలోదే. రెండోది, 2024లో ఉత్తరంలో బీజేపీ, దక్షిణంలో జనసేన పోటీ చేశాయి, ఎంపీకి మాత్రం సైకిల్. గుర్తే మారినప్పుడు ఆ తేడాని అభ్యర్థి నెత్తిన రుద్దకూడదు.

పాతగాజువాక:
ఫారం20 గారి పద్ధతి సరైనదే, కానీ తగ్గిన ఓట్లు ఎటుపోయాయో కూడా చూడాలి. 2019 ఎంపీ పోటీలో జనసేన తరఫున నిలబడ్డ లక్ష్మీనారాయణ గారికి 2.8 లక్షల పైచిలుకు వచ్చాయి. ఆ పార్టీ అసెంబ్లీ అభ్యర్థులు తెచ్చుకున్నదానికి ఇది బాగా ఎక్కువ. అంటే ఎమ్మెల్యేకి ఇంకో గుర్తు నొక్కిన చెయ్యి ఎంపీ దగ్గర గ్లాసు నొక్కింది. అక్కడ ఓడినవాళ్లలో లోపం వెతకడం కన్నా మూడో మనిషి లాగిన లాగుడే పెద్దది. మనవాడు చెడ్డవాడైతేనే ఓట్లు పోతాయనేమీ లేదు, పక్కన నచ్చినవాడు నిలబడినా పోతాయి.

పెద్దపేరు కూడా పూచీ కాదు. అదే ఏడాది గాజువాకలో పవన్ కల్యాణ్ 16,753 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అంతకుముందు 2014లో వైఎస్ విజయమ్మ విశాఖ ఎంపీగా 90 వేల పైన తేడాతో ఓడారు. "గెలిచాక ఇక్కడ దొరుకుతారా?" అన్న ప్రశ్నకి ఫ్లెక్సీ జవాబు చెప్పదు.

బీచ్‌రోడ్_ఓటరు:
బావుంది. మరి పార్టీ ఓటరు ఎదుటి పార్టీకి వేయడం అంత తేలిక కాదు కదా. అసలు వేయకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ల సంగతేంటి? ఆ తేడా ఎంపీ-ఎమ్మెల్యే పోలికలో కనబడదు.

పదిహేడు_సీ:
కనబడదు, నిజమే. దానికి పోలింగ్ శాతాన్ని అదే బూత్ పాత ఎన్నికతో, పక్క బూతులతో పోల్చాలి. పార్టీకి కంచుకోట అనుకున్న బూత్‌లో శాతం పడిపోయి, పక్కవీధిలో పడకపోతే మనవాళ్లే గడప దాటలేదన్నమాట.

రెండింటి ఖరీదు ఒకటి కాదు. సుమారు 250 బూతులున్న సీటు అనుకోండి. బూత్‌కి ఎనిమిది మంది ఇంట్లో కూర్చుంటే పోయేది 2,000. అదే ఎనిమిది మంది అవతలి గుర్తు నొక్కితే మన దగ్గర 2,000 తగ్గి, వాళ్ల దగ్గర 2,000 పెరిగి, తేడా 4,000. 2019లో విశాఖ ఉత్తరం తేలింది 1,944 ఓట్లతో. అలాంటి సీటుని బూత్‌కి ఎనిమిది మంది చాలు తలకిందులు చేయడానికి.

ఇక పార్టీ ఆఫీసులో మాత్రమే దొరికే ఆధారం ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసరు ప్రతి ఏజెంటుకీ ఫారం 17సీ కాపీ ఇస్తారు, ఎన్ని ఓట్లు పోలయ్యాయో, సీళ్ల నంబర్లేంటో అందులో ఉంటాయి. ఆ రాత్రి ఆఫీసుకి ఎన్ని 17సీలు చేరాయో లెక్కపెట్టండి. 250కి 190 వస్తే మిగతా 60 చోట్ల ఏజెంటు చివరిదాకా లేడు, లేదా అసలు వెళ్లలేదు. మాక్ పోల్, అంటే మెషీన్ సరిగ్గా ఉందో లేదో ఏజెంట్ల ముందు చూసే నమూనా పోలింగ్, అసలు పోలింగ్‌కి గంటన్నర ముందే మొదలవుతుంది. ఏజెంటు రాకపోతే ఓ పావుగంట చూసి కానిచ్చేస్తారు. అభ్యర్థి మీద కోపమున్న వార్డు నాయకుడు జెండా మార్చడు, మీటింగులకి వస్తాడు, దండ వేస్తాడు. పోలింగ్ రోజు తెల్లారుజామున అయిదింటికి మాత్రం ఫోనెత్తడు. మధ్యాహ్నం ఒంటిగంటకి జాబితాలో టిక్కు పడని పేర్లు చూసి ఇంటికెళ్లి పిలిచేవాడు ఆ బూత్‌లో ఉండడు. టికెట్ ఆలస్యమైతే ఇది ఇంకా ముదురుతుంది. 2024లో నామినేషన్ల ఉపసంహరణకి ఆఖరి రోజు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. అలిగినవాళ్లని బుజ్జగించడానికీ ప్రచారానికీ కలిపి ఆ రెండు వారాలే.

గెడ్డ_పక్కనే:
కేసులున్నాయని ఓడిపోతారన్నది ఎక్కువగా పేపర్లలో మాట. క్రిమినల్ కేసులున్నవాళ్లు ఉపసంహరణ గడువు తర్వాత మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటించుకోవాలి, అందరూ ప్రకటిస్తారు, చిన్న అక్షరాల్లో. ఓటరుకి తగిలేది తన వీధి సంగతి. గెడ్డ (వాగు) ఆక్రమణలో అభ్యర్థి బంధువు పేరు వినిపించినా, ప్లాటు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) పడితే "చూద్దాం" అని పంపేసినా, ఆ కాలనీ బూతులు ఫారం 20లో విడిగా కనబడతాయి.

దూరపు ఉదాహరణ కావాలంటే అమెరికాలో అలబామా, 2017 డిసెంబరు. రిపబ్లికన్ల గట్టి రాష్ట్రం, తీవ్ర ఆరోపణలున్న అభ్యర్థి రాయ్ మూర్ సెనేట్ సీటు సుమారు 22 వేల ఓట్లతో పోగొట్టారు. వేరే పేర్లు చేత్తో రాసి వేసిన ఓట్లు ఆ తేడా కన్నా కాస్త ఎక్కువ. ఇక్కడ దానికి దగ్గరిది నోటా. నోటా నిలువుని తేడా నిలువుతో పోల్చి చూడటం మర్చిపోకండి.

ఫారం20:
నోటాతో జాగ్రత్త. ఎంపీ, ఎమ్మెల్యే రెండింట్లోనూ నోటా ఒకేలా ఉంటే అది అభ్యర్థి మీద కోపం కాదు. ఒకదాంట్లోనే పెరిగితేనే లెక్కలోకి తీసుకోవాలి. ఇంకోటి, గాలి బలంగా వీచిన ఏడాదిని ఈ పరీక్షకి వాడొద్దు. 2024లో గాజువాక తేడా 95,235. అంత తేడాలో ఎవరి లోపమూ బయటపడదు. అయిదు వేల లోపు తేలిన సీట్లు తీసుకోండి, అదీ ఎంపీకీ ఎమ్మెల్యేకీ గుర్తు మారనివి.