స్వీట్ కార్న్ కండె మీద గింజలు అక్కడక్కడే కట్టాయి, ఎందుకు?

పెరటిపచ్చ:
నమస్తే అండీ. గోడ వెంబడి సన్నటి మడి ఉంటే అందులో ఒకే సాలుగా స్వీట్ కార్న్ వేశాను. మొక్కలు నా ఎత్తు దాటాయి, ఆకు ముదురు పచ్చగా ఉంది, చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. తీరా మొదటి పొత్తు ఒలిస్తే గింజలు అక్కడొకటి ఇక్కడొకటి. కొస వైపు అసలు లేవు. పురుగు జాడ కనిపించలేదు. పక్కింటివాళ్లు బోరాన్ కొట్టమంటున్నారు. మిగతా మొక్కలకు పీచు ఇప్పుడిప్పుడే బయటికొస్తోంది, వాటినైనా కాపాడుకోవచ్చా? ఇంకో సందేహం, పొత్తు కోతకొచ్చిందని ఒలవకుండా తెలుసుకోవడం ఎలా?

నాలుగుసాళ్లు:
బోరాన్ సంగతి ఇప్పుడు వదిలేయండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ మొక్కలకు తిండి బాగానే అందుతోంది. అందనిది పుప్పొడి.

మొక్క నెత్తిన విచ్చుకునే జల్లు మగపూత. పొత్తు కొసన వేలాడే పీచు ఆడపూతది. ఆ పీచులో ఒక్కో పోగూ లోపల ఒక్కో గింజ చోటుకి అతుక్కుని ఉంటుంది. పోగు మీద పుప్పొడి పడితే ఆ గింజ కడుతుంది, పడకపోతే ఆ చోటు ఖాళీ. కొసన ఉండే గింజల పోగులు అన్నిటికన్నా ఆఖర్న బయటికొస్తాయి. అప్పటికి జల్లులో పుప్పొడి అయిపోతే కొస బోడిగా మిగిలిపోతుంది. తేనెటీగలు జల్లు మీద వాలుతాయి గానీ వాటిని నమ్ముకోకండి, అవి పీచు జోలికి పోవు. మొక్కజొన్నలో ఈ పనంతా గాలిదే. ఒంటి సాలుకి అడ్డంగా గాలి వీచిందంటే పుప్పొడంతా గోడ పాలు. అవే మొక్కల్ని నాలుగు పొట్టి సాళ్లుగా ఒకచోట గుంపుగా వేస్తే, గాలి ఎటు తిరిగినా ఎవరిదో ఒకరి పీచు మీద పడుతుంది. సాళ్ల మధ్య 60 నుంచి 75 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 25 సరిపోతుంది. మడి సన్నగా ఉందని మొక్కజొన్నను వరసగా నిలబెట్టడం నాకు అస్సలు నచ్చని పని. అలాంటి చోట బెండ వేసుకోవడం మేలు.

ఈ పంట విషయానికొస్తే, పుప్పొడి మీరే వేయాలి. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు, వెడల్పాటి పొడి గిన్నె పట్టి జల్లును దాని మీదికి వంచి తట్టండి. పసుపురంగు పొడి రాలుతుంది. దాన్ని అప్పటికప్పుడే మెత్తటి బ్రష్‌తో తాజా పీచు మీద అద్దండి, అన్ని వైపులా. సాయంత్రానికి దాచుకుందామంటే కుదరదు, దాని ఆయుష్షు గంటల్లోనే. కొత్త పోగులు వస్తున్నన్నాళ్లూ రోజూ ఇదే పని. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి పొడిగాలి తోలుతుంటే పుప్పొడి చచ్చిపోతుంది, పీచూ ఎండుతుంది. మొక్కజొన్న నీటి ఎద్దడిని ఏమాత్రం తట్టుకోలేని దశ కూడా ఇదే, కాబట్టి మొదళ్లలో తడి ఆరనివ్వకండి. పైపుతో నెత్తి మీద మాత్రం పోయొద్దు, తడిసిన జల్లు పుప్పొడి వదలదు.

గోటిపరీక్ష:
కోత సంగతి నేను చెప్తాను. పీచు బయటికొచ్చిన రోజు గుర్తుపెట్టుకోండి. అక్కణ్నుంచి ఇంచుమించు 18 నుంచి 24 రోజులు, ఎండలు ఎక్కువగా ఉంటే ఇంకాస్త ముందే. పీచు ముదురు గోధుమరంగుకి తిరిగి ఎండాలి, పైపొరలు మాత్రం పచ్చగానే ఉండాలి. కొసను రెండు వేళ్లతో నొక్కి చూడండి, సన్నగా మొనదేలి ఉంటే ఇంకా లేత, గుండ్రంగా నిండుగా తగిలితే సిద్ధం. అప్పటికీ నమ్మకం కుదరకపోతే కొసన పొర కొంచెం పక్కకి తీసి ఒక గింజని గోటితో గిల్లండి. నీళ్లు వస్తే ఆగాలి, పాలు వస్తే కోయాలి, పిండిలా వస్తే ముదిరిపోయినట్టే. ఎప్పటికప్పుడు పొత్తులన్నీ విప్పి చూస్తుంటే పురుగుకి మనమే తలుపు తీసినట్టు.

కాండాన్ని ఒక చేత్తో పట్టుకుని, పొత్తుని కిందికి వంచి మెలితిప్పితే ఊడొస్తుంది. పొద్దున్నే కోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, పొరలు తీయకుండా. కోసిన క్షణం నుంచే గింజలో చక్కెర పిండిపదార్థంగా మారుతూ ఉంటుంది, వేడిలో ఉంచితే మరీ వేగంగా. సూపర్ స్వీట్ రకాల్లో ఈ మార్పు బాగా నెమ్మది.

పెరటిపచ్చ:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. రేపు పొద్దున్నే గిన్నె పట్టుకుని వెళ్తాను. పక్కింట్లో పేలాల మొక్కజొన్న వేశారు, దానికి కూడా జల్లు వస్తోంది. అదొక టెన్షన్. మొదళ్ల దగ్గర పిలకలు కూడా వచ్చాయి, తీసేయనా?

నాలుగుసాళ్లు:
పిలకల్ని ముట్టుకోకండి. వాటివల్ల దిగుబడి తగ్గదు, పీకబోతే వేళ్లు కదులుతాయి. పక్కింటి పేలాల రకం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పుప్పొడి మీ పీచు మీద పడితే ఇదే కండెలో ఆ గింజలు తీపి పోయి పిండిపిండిగా వస్తాయి, వచ్చే పంట దాకా కూడా ఆగదు. ఇప్పుడు దూరం జరపలేరు కదా, అందుకని పీచు బయటపడకముందే పొత్తులకు కాగితం సంచులు తొడగండి. మీ మొక్కల పుప్పొడి అద్దేటప్పుడు తీసి, వెంటనే మళ్లీ కట్టేయండి. పీచు ఎండిపోయాక సంచి అక్కర్లేదు. వచ్చేసారి వాళ్లకీ మీకూ విత్తడంలో రెండు మూడు వారాల తేడా ఉండేలా, జల్లులు ఒకేసారి రాకుండా మాట్లాడుకోండి.