ఫామ్ చూసి సొంతంగా ఆడ్స్ వేసుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. గుర్రప్పందేల్లో పాత ఫలితాలు, అంటే ఫామ్, తిరగేయడం కొంతవరకు అలవాటైంది. చిక్కల్లా ఆ సమాచారాన్ని ఆడ్స్‌గా, అంటే గెలిచే అవకాశాన్ని చూపే అంకెగా మార్చడం దగ్గరే.

ఒక గుర్రం 1,400 మీటర్ల హ్యాండిక్యాప్‌లో (రేటింగ్‌ను బట్టి గుర్రాలకు బరువు కేటాయించే రేసులో) గెలిచిందనుకోండి. రేటింగ్ పెరిగింది కాబట్టి ఈసారి పై క్లాసులో, 1,600 మీటర్లు పరుగెత్తాలి. అప్పుడు ట్రాక్ గట్టిగా ఉంది, ఇప్పుడు వానకు మెత్తబడింది. పైగా వీపు మీద 3 కిలోలు అదనం. వీటిలో మీరు దేనికి ఎక్కువ విలువ ఇస్తారు? అందరూ బరువు గురించే మాట్లాడతారు గానీ, నాకైతే దూరం, నేల తీరు ఇంకా పెద్ద విషయాలనిపిస్తాయి.

ఇంకొకటి. 4కి 1 ఆడ్స్ (రూపాయి పెడితే నాలుగు లాభం) అంటే గెలిచే అవకాశం 20 శాతమని లెక్క. నా అంచనా 25 శాతమైతే కాయాలి, 15 అయితే వదిలేయాలి. అంతవరకు తెలుసు. కానీ ఆ 25 ఎక్కడి నుంచి తేవాలి? రేసులోని గుర్రాలన్నిటికీ అంకెలు వేసి మొత్తం 100కి సర్దుతారా, లేక నచ్చిన రెండుమూడింటికేనా? టోట్‌లోనైతే (అందరి పందెం డబ్బూ ఒకచోట చేర్చి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) ముందే కమిషన్ కోసుకుంటారు, ఆడ్స్ చివరి నిమిషం దాకా కదులుతూనే ఉంటాయి. అక్కడ ఈ లెక్క నిలుస్తుందా?

ప్రస్తుతానికి కాగితం మీదే, డబ్బు పెట్టట్లేదు. ‘పక్కా టిప్’ ఇస్తామనేవాళ్లు దయచేసి మెసేజ్ చేయకండి. గెలుపోటములు రెండూ రాసిపెట్టుకునే అలవాటున్నవాళ్లు మీ పద్ధతి కాస్త వివరంగా చెప్పగలరా?