గ్లాకోమా కాదన్నారు, మరి నాన్న కంటి నరాల పొర ఎందుకు పలచబడింది?

మాది పరకాల దగ్గర ఊరు. నాన్న క్షయకు మందుల కోర్సు పూర్తి చేశారు. చివరి నెలల్లోనే రెండు కళ్లకూ చూపు నడిమి భాగం మసకబారింది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఎర్ర మిర్చికీ, రంగు పోయిన తాలు కాయకూ తేడా తెలియడం లేదన్నారు. జీవితమంతా మిర్చి పండించిన మనిషి ఆ మాట అంటే నాకు చాలా భయం వేసింది.

హనుమకొండలో చూపించాం. కంటి లోపలి పీడనం 14, అంటే మామూలుగానే ఉంది, గ్లాకోమా (సాధారణంగా ఈ పీడనం పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు) కాదన్నారు. కానీ కంటి లోపలి పొరల మందం చూపే ఓసీటీ స్కాన్‌లో రెటీనా (కంటి వెనక తెర) నరాల పొర కణత వైపు పలచబడిందని వచ్చింది. కారణం ఎవరూ తేల్చలేదు. క్షయ మందుల్లోని ఇథాంబుటాల్ కంటి నరాన్ని దెబ్బతీయగలదని, ఎరుపు, ఆకుపచ్చ రంగులను గుర్తించడం తొలి దశలోనే కష్టమవుతుందని చదివాను. విటమిన్ బీ12 లోపం, నరం వాపు, కణితి ఒత్తిడి వల్ల కూడా ఈ పొర పలచబడుతుందట. నాన్న శాకాహారి, పైగా చుట్ట అలవాటు ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా? మందు ఆపాక చూపు ఎంతవరకు తిరిగి వచ్చింది, ఎన్నాళ్లు పట్టింది? బీ12, ఎమ్మారై పరీక్షలు మేమే అడిగి చేయించాలా? కంటి నరాల నిపుణులు వరంగల్‌లో ఉన్నారా, లేక నేరుగా హైదరాబాద్ తీసుకెళ్లడం మంచిదా? తెలిసినవారు దయచేసి త్వరగా చెప్పండి.